జీతం ఆగిందా? విశాఖలో మున్సిపల్ ఉద్యోగి కోర్టుకెక్కాల్సి వస్తే ఏ అడుగు ఎప్పుడు వేయాలి

నాకు ఒకసారి ఏడు నెలలు జీతం రాలేదు. ఉద్యోగం ఉంది, రోజూ హాజరు పట్టీలో సంతకం ఉంది, నెత్తిన పని ఉంది, జీతం ఒక్కటే లేదు. ఒక మున్సిపల్ ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి బదిలీ అయితే పాత ఆఫీసువాళ్లు ఎల్‌పీసీ, అంటే చివరి జీతపు ధ్రువపత్రం, పంపలేదు. కారణం అంతే. వెళ్లి అడిగినప్పుడల్లా "పంపించేశాం బాబూ, బేగి వచ్చేస్తాది" అనేవారు, నేను నమ్మి వెనక్కి వచ్చేసేవాణ్ణి. కిరాణా కొట్టు ఖాతా పెరిగింది, పిల్లల ఫీజు ఆగింది, ఆ తర్వాత ఇంట్లో బంగారం బ్యాంకుకెళ్లింది. చివరికి లాయరు గారి దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "జీతం ఇవ్వమని మీరు రాసిచ్చిన కాగితం ఏది?" నా దగ్గర ఒక్కటీ లేదు. ఏడు నెలలు తిరిగాను కానీ ఏడు లైన్లు రాసివ్వలేదు.

ఆ తర్వాత చాలామంది తోటి ఉద్యోగుల ఫైళ్లు కట్టడానికి సాయం చేశాను. విశాఖలో జీవీఎంసీ, అంటే గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్, పరిధిలో గానీ చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో గానీ పనిచేసే రెగ్యులర్ ఉద్యోగి, సస్పెన్షన్‌లో ఉన్న అధికారి, ఔట్‌సోర్సింగ్ కార్మికుడు, బకాయిలు రాకుండానే రిటైరైన పెద్దాయన, ఎవరైనా సరే, జీతం ఆగితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. లాయరు లేకుండా సొంతంగా వాదించుకోమని కాదు. లాయరు దగ్గరికి వెళ్లేసరికి మీ చేతిలో ఏముండాలో తెలియాలని.

ముందు బిల్లు ఏ బల్ల మీద ఆగిందో పట్టుకోండి

చాలామంది ఇది చేయకుండా నేరుగా కోపంతో కోర్టు గురించి మాట్లాడతారు. జీతం ఊరికే ఆగదు, ఎక్కడో ఒకచోట ఒక బిల్లు ఆగుతుంది, లేదా అసలు బిల్లే పెట్టరు. ఈ రెండూ వేరు. బిల్లు పెట్టకపోతే తప్పు మీ డీడీఓది, అంటే జీతాలు డ్రా చేసే అధికారిది. పెట్టిన బిల్లు ట్రెజరీలోనో ఆర్థిక శాఖ దగ్గరో ఆగితే డీడీఓ మీద ఎంత అరిచినా లాభం లేదు. మీరు కోర్టులో ఎవరిని ప్రతివాదిగా చేర్చాలన్నది దీన్నిబట్టే తేలుతుంది, తప్పు మనిషిని చేరిస్తే వాయిదాల మీద వాయిదాలు పోతాయి.

కాబట్టి మొదటి ప్రశ్న: మీ జీతం 010 పద్దు, అంటే ప్రభుత్వ జీతాల పద్దు, కింద ట్రెజరీ నుంచి వస్తోందా, కార్పొరేషన్ సొంత నిధుల నుంచా, లేక ఏజెన్సీ లేదా ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ద్వారానా? పాత పే స్లిప్పు చూస్తే తెలిసిపోతుంది, లేదంటే బిల్లు క్లర్కుని అడగండి. రెండో ప్రశ్న: బిల్లు పెట్టారా? పెడితే దాని నంబరు, తేదీ ఏమిటి? సీఎఫ్ఎంఎస్, అంటే ప్రభుత్వ బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ, వచ్చాక ఒక మంచి జరిగింది, బిల్లు నంబరు చేతిలో ఉంటే అది ఏ స్థాయిలో ఉందో, వెనక్కి తిప్పారో, ఏ అభ్యంతరం రాశారో తెలుస్తుంది. ఆ స్క్రీన్ ప్రింటు తీసి దాచండి. అభ్యంతరం ఒక్క లైనే ఉంటుంది, "ఎల్‌పీసీ జతచేయలేదు", "పోస్టు మంజూరు చూపలేదు", "బడ్జెట్ లేదు" లాంటిది, కానీ మొత్తం కేసు ఆ లైను మీదే నడుస్తుంది.

మార్చి నెల విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మార్చి 31 లోపు పాసవ్వని బిల్లులు ఆ ఆర్థిక సంవత్సరంతో పాటే పోతాయి, మళ్లీ కొత్త బడ్జెట్ కింద కొత్తగా పెట్టాలి. జనవరిలో పెట్టిన బిల్లు ఇంకా పైన ఉందనుకుని జూన్ దాకా ఎదురుచూసినవాళ్లని చూశాను, అప్పటికి ఆ బిల్లు ఏనాడో రద్దయిపోయింది, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

విశాఖకు ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది. 2005లో గాజువాక మున్సిపాలిటీ, 32 గ్రామాలు కలిసి గ్రేటర్ అయింది, తర్వాత 2013లో అనకాపల్లి, భీమునిపట్నం మున్సిపాలిటీలు కలిశాయి. అప్పటి పాత ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు, నియామక ఉత్తర్వులు పాత ఆఫీసుల పేరు మీద ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయ్యాక కలెక్టరేట్ కూడా మారింది. ఇంక్రిమెంటు బకాయి, సీనియారిటీ బకాయి లాంటివి అడిగేవాళ్లు పాత మున్సిపాలిటీ కాగితాలు ఏ జోనల్ ఆఫీసులో ఉన్నాయో ముందే వెతికి పెట్టుకోవాలి. రేపు కోర్టులో "రికార్డు దొరకలేదు" అని వాళ్లు అంటే, మీ దగ్గరున్న జిరాక్సే మిమ్మల్ని కాపాడుతుంది.

మీది ఏ రకం కేసు?

అన్ని జీతాల కేసులూ ఒకటి కావు. పని చేశారు, జీతం ఇవ్వలేదు, ఇది అన్నిటికన్నా బలమైనది. బదిలీ చేశారు కానీ పోస్టింగ్ ఇవ్వకుండా కూర్చోబెట్టారు, దీన్ని కంపల్సరీ వెయిటింగ్ అంటారు, మీరు రిపోర్టు చేసిన రుజువుంటే ఆ కాలాన్ని ప్రభుత్వ సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 9 కింద డ్యూటీగా లెక్కించమని అడగాలి. ముందు ఆ కాలాన్ని క్రమబద్ధీకరించే ఉత్తర్వు రావాలి, ఆ తర్వాతే జీతం. ఇక్కడ నేరుగా "జీతం ఇప్పించండి" అని మాత్రమే అడిగినవాళ్లు ఇబ్బంది పడ్డారు.

సస్పెన్షన్‌లో ఉన్నవారికి పూర్తి జీతం రాదు కానీ జీవన భృతి రావాలి, ఫండమెంటల్ రూల్ 53 ప్రకారం. మొదట సగం జీతపు సెలవు జీతంతో సమానంగా, తర్వాత సమీక్ష చేసి పెంచవచ్చు. ఇది దయ కాదు. 1999లో కెప్టెన్ పాల్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు, భృతి ఇవ్వకుండా పస్తులుంచి నడిపిన విచారణ చెల్లదని తేల్చింది, ఆ ఉద్యోగి డబ్బులేక విచారణకు వెళ్లలేకపోయాడు. భృతి ఆగితే నెలనెలా వేరే ఉద్యోగం చేయడం లేదనే ధ్రువీకరణ ఇచ్చారో లేదో ముందు చూసుకోండి, చాలాచోట్ల ఆగేది అది ఇవ్వకపోవడం వల్లే.

సస్పెన్షన్ ఎత్తేసి తిరిగి తీసుకున్నాక మధ్య కాలం జీతం ఎంత అన్నది వేరే గొడవ, అది రూల్ 54, 54-బి కింద అధికారి ఉత్తర్వు ఇవ్వాలి. రిటైరైనవాళ్లకు పెన్షన్, గ్రాట్యుటీ, సెలవు నగదు బకాయిలు. కార్పొరేటర్ల గౌరవ వేతనం జీతం కిందికి రాదు కానీ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం రావాల్సిన మొత్తమే కాబట్టి దానికీ ఇదే దారి పనికొస్తుంది.

ఫైలు కట్టడం

ఒక అట్ట ఫైలు కొనండి. నియామక ఉత్తర్వు, బదిలీ ఉత్తర్వు, జాయినింగ్ రిపోర్టు మీద ఆఫీసు ముద్ర ఉన్న కాపీ, చివరగా వచ్చిన పే స్లిప్పు, జీతం పడే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు. స్టేట్‌మెంటు మాత్రం జీతం వచ్చిన చివరి ఆరు నెలలు, రాని నెలలు అన్నీ కనిపించేలా తీసుకోండి, జడ్జి గారికి ఒక్క చూపులో అర్థమయ్యే కాగితం ఇదే. ఆ తర్వాత పని చేసినట్టు రుజువులు: హాజరు రికార్డు, మీరు సంతకం చేసిన ఫైళ్ల నంబర్లు, డ్యూటీ ఉత్తర్వులు, వార్డు తనిఖీ ఫొటోలు, ముఖ హాజరు యాప్‌లో రోజువారీ నమోదు. పారిశుధ్య సిబ్బందికి ఈ యాప్ విషయంలో నష్టం ఎక్కువ జరుగుతోంది, తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఊడ్చి వచ్చినా ఫోన్‌లో నమోదు కాకపోతే ఆ రోజు లేనట్టే. నమోదు కాని రోజే మేస్త్రీకి, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి వాట్సాప్‌లో మెసేజి పెట్టండి, తేదీతో సహా మిగిలిపోతుంది.

చివరగా ఒక లెక్క కాగితం. నెల, రావాల్సింది, వచ్చింది, మిగిలింది, నాలుగు గడులు. మూలవేతనం, డీఏ, హెచ్ఆర్ఏ విడివిడిగా. ఈ ఒక్క పేజీ లేకుండా లాయరు దగ్గరికి వెళ్లకండి. "సుమారు నాలుగు లక్షలు" అనేది కోర్టులో మాట కాదు.

అర్జీ, ఇదే అసలు పునాది

రిట్‌లో, అంటే ప్రభుత్వం మీద హైకోర్టులో వేసే పిటిషన్‌లో, కోర్టు అధికారిని ఫలానా పని చేయమని ఆదేశించాలంటే, ముందు మీరు ఆ పని చేయమని అడిగి ఉండాలి, ఆయన కాదని గానీ మౌనంగా గానీ ఉండి ఉండాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, కోర్టు కూడా అదే చూస్తుంది. మీ అర్జీలో కథలు వద్దు. ఎవరు, ఏ పోస్టు, ఏ నెల నుంచి ఆగింది, ఎంత, మీరు ఏ బిల్లు నంబరు తెలుసుకున్నారు, ఏ అభ్యంతరం తొలగించాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. ఒక పేజీ చాలు. డీడీఓకి, కమిషనర్‌కి, పురపాలక పరిపాలన డైరెక్టర్‌కి ఒకే అర్జీ పంపండి. ఆశీలమెట్టలోని తెన్నేటి భవన్‌లో, అంటే జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో, ఇచ్చేవాళ్లు ఇన్‌వార్డులో ముద్ర, నంబరు వేయించుకోకుండా బయటకి రావొద్దు. "ఉంచి వెళ్లండి, చూస్తాం" అంటే, సరేనని వచ్చేసి అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి, చేరినట్టు ట్రాకింగ్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు, రసీదు వస్తుంది. కానీ ఒక్క హెచ్చరిక, ఆ వేదికలో ఇచ్చిన అర్జీ మళ్లీ తిరిగి మీ ఆఫీసు బల్ల మీదకే వస్తుంది, "పరిష్కరించబడినది" అని మూసేయడం కూడా జరుగుతుంది. రుజువు కోసం వాడుకోండి, దాన్నే నమ్ముకుని ఏడాది గడపకండి.

అలాగే అర్జీ మీద అర్జీ ఇస్తూ పోతే గడువు పొడిగింపు రాదు. 2008లో సి.జాకబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట సూటిగా చెప్పింది, చచ్చిపోయిన క్లెయిమ్‌కి కొత్త అర్జీ ప్రాణం పోయదని. రెండు నెలలు చూడండి, ఒక గుర్తుచేసే లేఖ ఇవ్వండి, కదలండి.

ఈ రెండు నెలల్లోనే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ప్రశ్నలు ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. "నా జీతం ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే "కారణాలు సమాచారం కిందకు రావు" అని రాస్తారు. దానికి బదులు "ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు నా పేరు మీద పెట్టిన జీతపు బిల్లుల నంబర్లు, తేదీలు, వాటి మీద రాసిన అభ్యంతరాల నకళ్లు ఇవ్వండి", "ఆ నెలల్లో ఇదే విభాగంలో జీతం డ్రా చేసిన పే బిల్లు నకలు ఇవ్వండి", "నా అర్జీ మీద నడిచిన నోట్ ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి. నోట్ ఫైలు, అంటే మీ అర్జీ మీద ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు రాసిన అభిప్రాయాలు, బయటికొస్తే చాలాసార్లు కేసు సగం అక్కడే గెలిచినట్టు, ఎందుకంటే అందులో ఎవరో ఒక చిన్న ఉద్యోగి నిజాయితీగా "జీతం చెల్లించవలసి ఉన్నది" అని రాసి ఉంటాడు.

ఏ కోర్టు?

రెగ్యులర్ ఉద్యోగికి దారి దాదాపు ఒక్కటే, హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్. ప్రభుత్వ ఉద్యోగులకు గతంలో పరిపాలనా ట్రిబ్యునల్ ఉండేది, దాన్ని రద్దు చేశాక ఆ కేసులు కూడా హైకోర్టుకే చేరాయి. మన హైకోర్టు 2019 జనవరి 1న విడిగా ఏర్పడింది, ఇప్పుడు అమరావతిలో, నేలపాడులో నడుస్తోంది. విశాఖవాళ్లకు ఇది దూరమే, రాత్రి రైలెక్కి విజయవాడలో దిగి అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టాలి. కానీ ప్రతి వాయిదాకి మీరు వెళ్లక్కర్లేదు. అఫిడవిట్, వకాలత్ మీద సంతకాలు విశాఖలోనే చేయొచ్చు, కేసు స్థితి ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. విశాఖలోని లాయర్లలో చాలామందికి విజయవాడలోనో గుంటూరులోనో తోటి లాయర్లు ఉంటారు. ఫీజు ఎంత, అందులో ధిక్కరణ పిటిషన్ (కోర్టు ఆర్డరు అమలు చేయకపోతే వేసేది) కూడా ఉందా లేదా అనేది ముందే రాయించుకోండి. దీని గురించి మొహమాటపడి తర్వాత బాధపడినవాళ్లే ఎక్కువ.

సివిల్ కోర్టులో దావా కూడా వేయొచ్చు, 3 సంవత్సరాల కాలపరిమితి, ప్రభుత్వం మీదైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద 2 నెలల ముందస్తు నోటీసు. కాలం ఎక్కువ పడుతుంది. వాస్తవాల మీద పెద్ద వివాదం ఉంటే, అంటే మీరు అసలు పని చేశారా లేదా అన్నదే గొడవైతే, హైకోర్టు సివిల్ కోర్టుకి పొమ్మనే ప్రమాదం ఉంది. అందుకే పని చేసినట్టు రుజువుల గురించి పైన అంత రాశాను.

ఔట్‌సోర్సింగ్ వాళ్లది వేరే లెక్క. 2020 జులైలో ఆప్కాస్ మొదలయ్యాక చాలామంది దాని కిందకు వచ్చారు, కొన్ని పనులు ఇంకా కాంట్రాక్టర్ల చేతిలోనే ఉన్నాయి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న సంస్థే ప్రధాన యజమానిగా కట్టి, ఆ డబ్బు కాంట్రాక్టర్ బిల్లులోంచి మినహాయించుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్న ఈ సూత్రం కొత్త కార్మిక కోడ్‌లలోనూ కొనసాగింది. 2025 నవంబరు 21 నుంచి వేతన కోడ్ అమల్లోకి వచ్చింది, నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి, క్లెయిమ్ వేయడానికి 3 సంవత్సరాలు గడువుంది, 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో 12 నెలలే ఉండేది. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు ముందు కార్మిక శాఖ అధికారి దగ్గర ఫిర్యాదు వేయండి, ప్రతివాదుల్లో కాంట్రాక్టర్‌తో పాటు సంస్థనీ చేర్చండి. పీఎఫ్ పాస్‌బుక్ కూడా తెరిచి చూడండి, జీతం ఆపిన కాంట్రాక్టర్ పీఎఫ్ కూడా ఆపి ఉంటాడు. రెగ్యులర్ ఉద్యోగులు మాత్రం ఈ కోడ్ మీద ఆధారపడొద్దు, వేతన చెల్లింపు అధ్యాయం ప్రభుత్వ, స్థానిక సంస్థలకు ప్రభుత్వం నోటిఫై చేస్తేనే వర్తిస్తుంది.

డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, హెల్ప్‌లైన్ 15100. వార్డుల్లో ఊడ్చే అక్కలకు ఈ నంబరు చెప్పండి, చాలామందికి తెలియదు.

పిటిషన్‌లో ఏం అడగాలి

లాయరు రాస్తారు, కానీ సంతకం మీది కాబట్టి చదవండి. ప్రతివాదులుగా రాష్ట్ర ప్రభుత్వం తరఫున పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి, పురపాలక పరిపాలన డైరెక్టర్, కార్పొరేషన్ తరఫున కమిషనర్, డీడీఓ, బిల్లు పైన ఆగితే ఆర్థిక శాఖ, ట్రెజరీ అధికారి. బదిలీ కేసైతే పాత ఆఫీసు కూడా, నా కేసులో అసలు దోషి అదే.

కోర్కె రెండు భాగాలుగా ఉండాలి. అసలు కోర్కెలో మొత్తం బకాయి, వడ్డీతో. మధ్యంతర కోర్కెలో కనీసం ఈ నెల నుంచి నెలనెలా జీతం ఇవ్వమని. ఈ రెండోది మర్చిపోతే కేసు నడిచినన్నాళ్లూ బకాయి పెరుగుతూనే ఉంటుంది, ఇంట్లో పొయ్యి మాత్రం వెలగదు. తీసుకున్న హోమ్‌లోన్ వాయిదాలు, పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు, వీటి కాగితాలు జతచేస్తే అత్యవసరం అర్థమవుతుంది.

మొదటి రోజు చాలాసార్లు ఒక ఆర్డరు వస్తుంది: "పిటిషనర్ అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించి తగిన ఉత్తర్వులు ఇవ్వండి". గెలిచామని స్వీట్లు పంచకండి. పరిశీలించమన్నారు, చెల్లించమనలేదు. పరిశీలించి తిరస్కరించొచ్చు కూడా. బకాయి మీద వివాదమే లేకపోతే, నోట్ ఫైల్లో వాళ్లే ఒప్పుకుంటే, "పరిశీలన" కాదు "చెల్లింపు" ఆదేశం కావాలని లాయరు గట్టిగా వాదించాలి. అది కుదరకపోతే కనీసం కారణాలు చూపిస్తూ ఉత్తర్వు ఇవ్వాలని రాయించండి, తిరస్కరిస్తే ఆ కారణాల మీద మళ్లీ రిట్ వేయడానికి వీలుంటుంది.

అవతలివైపు నుంచి వచ్చే మాటలు

"నిధులు లేవు." మొదట వచ్చేది ఇదే. మన రాష్ట్రం కేసే దీనికి జవాబు. కరోనా వచ్చిన కొత్తలో, 2020 మార్చి 31న ప్రభుత్వం జీతాలు, పెన్షన్లలో కొంత వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. రిటైర్డ్ జిల్లా జడ్జి దినవహి లక్ష్మీ కామేశ్వరి దాన్ని సవాలు చేశారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వమని హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం వడ్డీ మీద సుప్రీంకోర్టుకెళ్తే, 2021 ఫిబ్రవరి 8న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్.షా ధర్మాసనం వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ చెల్లించాల్సిందేనని, 30 రోజుల్లో కట్టాలని చెప్పింది. చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అని అందులో స్పష్టంగా ఉంది. మహమ్మారి కాలంలోనే ఆ మాట చెల్లనప్పుడు మామూలు రోజుల్లో ఎలా చెల్లుతుంది? దీంతోపాటు 2003 నాటి కపిలా హింగోరాని కేసు, బీహార్ ప్రభుత్వ సంస్థల్లో ఏళ్ల తరబడి జీతాల్లేక ఉద్యోగులు ఆకలితో చనిపోయిన కేసు, అందులో కోర్టు దీన్ని జీవించే హక్కుతో ముడిపెట్టింది. మున్సిపాలిటీలకు సంబంధించి 1980 నాటి రత్లాం కేసు కూడా ఉంది, అది మురుగు కాలువల గురించే అయినా డబ్బు లేదనే సాకుతో చట్టబద్ధమైన బాధ్యత తప్పించుకోలేరన్న సూత్రం అందులోదే.

"పని చేయలేదు, కాబట్టి జీతం లేదు." మీరు సిద్ధంగా ఉన్నా వాళ్లే పోస్టింగ్ ఇవ్వకపోతే ఈ సూత్రం మీకు వర్తించదు. 1991లో జానకిరామన్ కేసు, తొలగింపు చెల్లదని తేలినప్పుడు వెనక జీతాల విషయంలో 2013 నాటి దీపాలి గుండు సుర్వాసే కేసు చూపించాలి. ఇక్కడే జాయినింగ్ రిపోర్టు, "పోస్టింగ్ ఇవ్వండి" అని ఇచ్చిన లేఖలు ప్రాణాధారం.

"ఆలస్యంగా వచ్చారు." జీతం నెలనెలా ఆగే అన్యాయం కాబట్టి కేసు మొత్తంగా కొట్టేయరు, కానీ 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం సాధారణంగా కేసు వేసిన రోజుకి ముందు 3 సంవత్సరాల బకాయే ఇస్తారు. అంటే మీరు ఆగిన ప్రతి నెలా వెనక నుంచి ఒక నెల జీతం రాలిపోతున్నట్టు. సంఘం నాయకులు మాట్లాడుతున్నారు, మంత్రిగారు హామీ ఇచ్చారు అని ఆగేవాళ్లకి ఇది తెలియాలి.

ఇంకొకటి, భయం. కోర్టుకెళ్తే కక్షగడతారని. కొందరు గడతారు, లేదని నేను చెప్పను. కానీ సొంత జీతం కోసం హైకోర్టుకి వెళ్లడం తప్పు కాదు, మీ హక్కు. అయితే పైఅధికారిని ఫేస్‌బుక్‌లో తిట్టడం, ఆఫీసు ఫైళ్లు మీడియాకి ఇవ్వడం లాంటివి చేయకండి, 1964 ప్రవర్తనా నియమావళి కింద మిమ్మల్నే పట్టుకుంటారు, జీతం గొడవ పక్కకెళ్లి అది అసలు గొడవవుతుంది. ఒంటరిగా భయమైతే ఒకే కారణంతో ఆగిన నలుగురైదుగురు కలిసి వేయండి, ఎవరి లెక్క వారిది విడిగా జతచేయాలి.

ఆర్డరు చేతికొచ్చాక

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఇక్కడ ఆ పూజారి బిల్లు సెక్షన్. ఆర్డరులో చాలాసార్లు "ఈ ఉత్తర్వు ప్రతి అందిన తేదీ నుంచి ఇన్ని వారాల్లో" అని ఉంటుంది. అంటే మీరు ధ్రువీకృత ప్రతి తెచ్చి వాళ్ల చేతికిచ్చేదాకా గడియారం మొదలవ్వదు. కాబట్టి ప్రతి రాగానే ప్రతివాదులందరికీ ఒక కవరింగ్ లేఖతో ఇవ్వండి, ముద్ర వేయించుకోండి, స్పీడ్ పోస్టు కూడా పంపండి. లేఖలో లెక్క కాగితం, ఆర్డరులోని గడువు తేదీ రాయండి. డీడీఓ బిల్లు పెట్టాడా, సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కడుంది, వారానికోసారి చూడండి. పాత బకాయిలకు ప్రత్యేక మంజూరు ఉత్తర్వు అడుగుతారు, అది ఎవరి సంతకంతో రావాలో ముందే కనుక్కుని ఆ ఫైలు కదిలించండి.

గడువు దాటితే కోర్టు ధిక్కరణ పిటిషన్. 1971 చట్టం 20వ సెక్షన్ ప్రకారం ధిక్కరణ జరిగిన నాటి నుంచి ఒక సంవత్సరం లోపే వేయాలి, ఇది చాలామంది పోగొట్టుకునే గడువు. ఆర్డరు గడువు ముగిసిన తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, నెల రోజులు చూసి వేసేయండి. మన హైకోర్టు దీన్ని తేలిగ్గా తీసుకోదు, 2022 మార్చిలో ఒక ధిక్కరణ కేసులో ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు జైలుశిక్ష వేసి, వాళ్లు క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమని మార్చింది. అందుకే ధిక్కరణ నోటీసు అందిన వారంలోనే చాలా బిల్లులు కదులుతాయి. వాళ్లు అప్పీలుకి వెళ్తే కంగారుపడకండి, అప్పీలు వేసినంత మాత్రాన ఆర్డరు ఆగదు, స్టే వస్తేనే ఆగుతుంది.

డబ్బు పడ్డాక

మొత్తం ఒకేసారి పడితే ఆ ఏడాది ఆదాయం ఎక్కువ చూపించి పన్ను బాగా కోస్తారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో బకాయిలకు 89వ సెక్షన్ కింద ఊరట ఉండేది, రిటర్ను వేసేముందు 10ఇ ఫారం నింపాలి. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది కాబట్టి అందులో ఏ నంబరు కింద ఉందో మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి, ఏ సంవత్సరానికి ఎంత బకాయో విడగొట్టిన లెక్క మాత్రం డీడీఓ నుంచి తీసుకోవాలి. పడ్డ మొత్తాన్ని మీ లెక్క కాగితంతో పోల్చండి, వడ్డీ వదిలేసి అసలు మాత్రమే వేయడం తరచుగా జరుగుతుంది, అదీ ఆర్డరు ఉల్లంఘనే.

ఆ తర్వాత సర్వీసు రిజిస్టర్ తెప్పించుకుని చూడండి. ఆగిన కాలం డ్యూటీగా ఎక్కిందా, ఇంక్రిమెంట్లు వేశారా, కోర్టు ఆర్డరు నంబరు రాశారా, కింద అధికారి సంతకం ఉందా. నా రిజిస్టర్‌లో ఆ ఏడు నెలలు ఖాళీగానే వదిలేశారు, రిటైరయ్యే ముందు పెన్షన్ కాగితాల్లో బయటపడి మళ్లీ నాలుగు నెలలు తిరిగాను. మీరు ఆ పేజీ సంతకం అయిన రోజే జిరాక్సు తీసి, అట్ట ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి.